పెన్సిల్ గీసిన ముఖంలో దిగులు ఎక్కడిది?

పెన్సిల్‌తో గీసిన ఒక స్త్రీ ముఖాన్ని గోడకు తగిలించి, దాని కింద ఏమీ రాయకుండా వదిలేస్తే, చూసేవారిలో చాలామంది ముందుగా అనే మాట ఒకటే: "పాపం, ఏదో దిగులుగా ఉంది." విజయనగరంలో విద్యార్థుల బొమ్మల ప్రదర్శన దగ్గరైనా, శ్రీకాకుళంలో పాఠశాల వార్షికోత్సవం నాడు బల్లల మీద పరిచిన స్కెచ్‌ల దగ్గరైనా ఈ మాట వినిపిస్తుంది. కాసేపటికి ఆ దిగులుకు ఒక కథ తోడవుతుంది. భర్త చేపల వేటకు గుజరాత్ వలస వెళ్ళాడనో, కొడుకు ఫోను చేయడం లేదనో, కూతురి పెళ్ళి కుదరలేదనో ఎవరికి తోచింది వారు చెబుతారు. వీటిలో ఏదీ కాగితం మీద ఉండదు.

అలా కథ అల్లుకోవడం తప్పేమీ కాదు. శ్రీకాకుళం తీర గ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవు దాకా వలస వెళ్ళే కుటుంబాలను ఎరిగినవారికి ఎదురుచూసే ముఖం బాగా తెలిసిన ముఖం. అయితే బొమ్మ తానుగా చెబుతున్నది ఎంత, చూసేవారు చేరుస్తున్నది ఎంత అన్నది విడదీసి చూడగలిగితేనే గీసినవారి శ్రమ కనిపిస్తుంది, గీయించుకున్న మనిషీ కనిపిస్తుంది. రంగుల చిత్రం కంటే రేఖాచిత్రం విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అందులో గీసినదానికంటే గీయకుండా వదిలినదే ఎక్కువ. ఆ ఖాళీలోకి ఎవరి మనసు వారు దూరిపోతారు.

దిగులుగా కనిపించడానికి మొదటి కారణం చాలా మామూలుది. బొమ్మ గీయించుకునే మనిషి కదలకుండా కూర్చోవాలి. నవ్వు అంతసేపు నిలవదు. కొద్ది నిమిషాలకే పెదవుల కొసలు సడలుతాయి, రెప్పలు బరువెక్కుతాయి, చూపు ఒకచోట ఆగిపోతుంది. చిత్రకారులు నిజాయితీగా గీస్తే ఆ సడలిన ముఖమే కాగితం మీదికి వస్తుంది. ఫోను ముందు నవ్వే ముఖాలకు అలవాటుపడిన కంటికి నవ్వని ముఖం బాధపడుతున్న ముఖంలా తోస్తుంది. అది విశ్రాంతిగా ఉన్న ముఖం మాత్రమే కావచ్చు.

రంగు లేకపోవడం మరో కారణం. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య బొమ్మలతో పెరిగిన తరాలు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. చందమామ, యువ పత్రికల్లో ఆయన చిత్రించిన స్త్రీలు కళ్ళు చెదిరే రంగుల్లో కనిపించేవారు. అక్కడ భావాన్ని సగం రంగే మోసేది. ఆ అలవాటుతో బూడిద రంగు పెన్సిల్ బొమ్మ ముందు నిలబడితే, రంగు లేకపోవడాన్నే సంతోషం లేకపోవడంగా కన్ను లెక్కగడుతుంది.

ఇక మూడోది, బహుశా అన్నింటికంటే బలమైనది, కథల పత్రికలు నేర్పిన చూపు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయంలో పాత పత్రికల సంచికలు భద్రంగా ఉన్నాయి. కథల కోసం వెళ్ళేవారు బొమ్మల కోసం కూడా వాటిని తిరగేయవచ్చు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఇల్లాలు, కిటికీ ఊచలు పట్టుకున్న అమ్మాయి, చెంపకు చెయ్యి చేర్చిన తల్లి అలాంటి సంచికల్లో తరచూ ఎదురవుతారు. చిత్రకారుడు కథ చదివి, తనకిచ్చిన చిన్న చోటులో, వేళ మించకుండా ఒక భావం పలికించాలి. అందుకని పాఠకుడు వెంటనే గుర్తుపట్టే భంగిమలు కొన్ని స్థిరపడ్డాయి. అవి ఆ పనికి చక్కగా సరిపోయాయి. పక్కనే కథ ఉంది కనుక అపార్థానికి చోటు లేదు. చిక్కల్లా ఆ భంగిమల నిఘంటువును కథ లేని బొమ్మకు, బతికి ఉన్న మనిషి ఎదుట కూర్చుంటే గీసిన బొమ్మకు వర్తింపజేయడంలో వస్తుంది.

ఒక బొమ్మను ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు పనిలో ఉన్న ఒక నడివయసు మహిళ. బొగ్గుతో, భుజాల వరకే గీశారు. తల కొద్దిగా ముందుకు వంగి ఉంది. రెప్పలు వాలడంతో కనుపాపలు దాదాపు కనిపించవు. కనుబొమల మధ్య రెండు చిన్న నిలువు గీతలు. పెదవులు బిగిసి ఉన్నాయి. ముక్కుకు నత్తు ఉంది. జుట్టు వెనక్కి ముడిచింది. కొంగు భుజం మీద నాలుగు గీతలతో ఆగిపోయింది. దీని కింద 'నిరీక్షణ' అని రాస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. 'వేదన' అని రాసినా తల ఊపుతారు.

అదే బొమ్మను నడుము దాకా గీశారనుకుందాం. ఇప్పుడు చేతులు కనిపిస్తాయి. ఒక చేతిలో వాలుగ చేప దవడ ఎముక, రెండో చేతిలో పత్తి. సన్న నూలు కోసం పత్తిని ఆ దవడకున్న సన్నని పళ్ళతో దువ్వి శుభ్రం చేయడం పొందూరు పద్ధతి. పోగులు తెగకుండా, చెత్త మిగలకుండా దువ్వాలంటే చూపు చేతుల మీది నుంచి కదలకూడదు. దాంతో వాలిన రెప్పలకు, ముడిపడిన కనుబొమలకు, బిగిసిన పెదవులకు ఒక్కసారిగా అర్థం మారిపోతుంది. ఆమె ఎవరి కోసమూ ఎదురుచూడడం లేదు. ఏళ్ళ తరబడి చేయి తిరిగిన పనిలో మునిగి ఉంది. ఆ ముఖాన్ని 'వేదన' అనడం ఆమె పనితనాన్ని చెరిపేయడమే. బొమ్మను ఎక్కడ కత్తిరించారన్నది అందులోని భావాన్ని ఇంతగా మార్చగలదు.

చేతులు కనిపించని మొదటి బొమ్మలో కూడా శ్రద్ధగా చూసేవారికి ఆధారం దొరుకుతుంది. చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల్లో, జంతువుల్లో భావాలు వ్యక్తమయ్యే తీరు గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో కనుబొమల కదలికలను ఓపికగా పరిశీలించాడు. దుఃఖంలో కనుబొమల లోపలి కొసలు పైకి లేస్తాయి, నుదుటి నడుమ అడ్డంగా ముడతలు పడతాయి. ఏదైనా కష్టమైన పని మీదో ఆలోచన మీదో మనసు లగ్నమైనప్పుడు కనుబొమలు కిందికి దిగి దగ్గరవుతాయి, వాటి నడుమ నిలువు గీతలు పడతాయి. పొందూరు బొమ్మలో ఉన్నవి నిలువు గీతలు. పెన్సిల్ కొన రెండు మిల్లీమీటర్లు అటు జరిగితే ఏకాగ్రత, ఇటు జరిగితే శోకం. ముఖచిత్రణలో ఇంతకంటే సున్నితమైన చోటు మరొకటి ఉందంటే పెదవుల కొసలే. అందుకే లియొనార్డో డావిన్చీ మోనాలిసాలో కళ్ళ కొసలను, పెదవుల కొసలను స్పష్టంగా తేల్చకుండా మెత్తని నీడలో కలిపేశాడు. ఆమె నవ్వుతోందో లేదో ఐదు వందల ఏళ్ళుగా తేలకపోవడానికి ఆ నీడే కారణం.

మన శాస్త్రాలు ఈ విషయంలో ఉదారంగా ఉన్నాయి. భరతుడి నాట్యశాస్త్రం 36 రకాల దృష్టులను లెక్కించింది. అలసిన చూపు, కుంగిన చూపు, సిగ్గుపడిన చూపు, శంకించే చూపు, తర్కించే చూపు, దేనినీ పట్టించుకోని శూన్యమైన చూపు, దేనికదే వేరుగా పేరు పెట్టుకుని ఉన్నాయి. నటులకు చెప్పినవే అయినా బొమ్మలు చూసేవారికీ ఇవి పనికొస్తాయి. దించిన కన్ను కనబడగానే దిగులు అనేసే ముందు ఈ జాబితాను ఒకసారి తలుచుకుంటే, నోటికొచ్చిన మొదటి మాట దగ్గరే ఆగిపోము.

కంటి తర్వాత చూడవలసింది గీతను. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం బొమ్మను ఎవరు ఎందుకు మెచ్చుకుంటారో చెబుతూ, ఆచార్యులు రేఖను, విచక్షణులు వెలుగునీడల పొందికను, స్త్రీలు ఆభరణాలను, తక్కినవారు రంగుల నిండుదనాన్ని కోరుకుంటారని అంటుంది. స్త్రీల గురించిన ఆ మాటను ఈనాడు ఒప్పుకోనక్కరలేదు. రేఖను అన్నింటికంటే ముందు నిలిపిన తీర్పు మాత్రం గట్టిది. నిద్రపోతున్న మనిషిలో ప్రాణం ఉన్నట్టు, చనిపోయిన మనిషిలో అది లేనట్టు గీయగలిగినవాడే చిత్రం తెలిసినవాడని కూడా అదే గ్రంథం చెబుతుంది. రెండు ముఖాల్లోనూ కళ్ళు మూసే ఉంటాయి. అలంకారం సహాయం చేయదు. మెడ బిగువు, దవడ వాలు, వేళ్ళ వంపు, వీటిని చెప్పే గీతలోనే తేడా పలకాలి.

గీతను చదివేటప్పుడు ఒక మెలకువ ఉంది. చేతి తొందర వేరు, ముఖంలోని తొందర వేరు. విజయనగరం రైల్వే ప్లాట్‌ఫారం మీద బండి కదిలేలోగా ఐదు నిమిషాల్లో గీసిన ముఖంలో గీతలు తెగిపోతాయి, ఒకదాని మీద ఒకటి పడతాయి, దవడ అంచు మూడు నాలుగుసార్లు వెతుక్కున్నట్టు ఉంటుంది. చూసేవారు దాన్ని ఆమె ఆందోళన అనుకుంటారు. అది రైలు పెట్టిన తొందర. అదే విధంగా మిట్టమధ్యాహ్నం గంటస్తంభం దగ్గర ఎండలో కూరగాయలు అమ్మే మహిళను గీస్తే వెలుగు నడినెత్తిన పడి కళ్ళ గుంటలు నల్లబడతాయి. మెత్తని 6బీ పెన్సిల్ ఆ నలుపును ఇంకా లోతు చేస్తుంది. ఆ లోతు సూర్యుడిది. గీతలోని భావం ఆమెదేనని నమ్మాలంటే బొమ్మ అంతటా ఉన్న గీతను, ముఖం దగ్గరి గీతను పోల్చాలి. బుట్ట, కొంగు, గోడ అన్నీ ఒకే ఉరుకుతో గీసి ఉంటే అది చేతి స్వభావం. మిగతా అంతా నింపాదిగా సాగి, కంటి దగ్గర మాత్రమే గీత వణికితే, లేదా చుబుకం దగ్గర మాత్రమే కాగితం చిరిగేంత ఒత్తిడి పడితే, అక్కడ చెప్పదలచుకున్నదేదో ఉంది.

గీయని చోటు సంగతి ఇంకా చిక్కైనది. రేఖాచిత్రంలో ఖాళీ కాగితం తెల్లగా ఉంటుంది, కానీ ఆ తెలుపు ఎప్పుడూ తెల్లరంగుకు గుర్తు కాదు. చీర మీద ఛాయ వేయకపోతే చూసేవారికి తెల్లచీర కనిపిస్తుంది, వెంటనే వైధవ్యం గుర్తుకొస్తుంది. ఆ చీర ముదురు ఎరుపుదై ఉండవచ్చు, చిత్రకారులు ముఖం దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు. నుదుటి బొట్టు విషయమూ అంతే. పెన్సిల్‌కు కుంకుమ ఎరుపు, కాటుక నలుపు, పచ్చబొట్టు ఆకుపచ్చ అన్నీ ఒకే బూడిద రంగు చుక్క. అది నుదుట ఉందా, బుగ్గన దిష్టిచుక్కలా ఉందా, చుబుకం మీద పచ్చబొట్టులా ఉందా అన్న స్థానం ఒక్కటే చెబుతుంది. చుక్కే లేకపోతే దాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోవడం ప్రమాదం. బొట్టు పెట్టుకోని స్త్రీలు అనేక కారణాల వల్ల పెట్టుకోరు, కొన్నిసార్లు గీసినవారే మరిచిపోతారు.

ఈ ఇబ్బందిని విజయనగరం పాఠకులకు దగ్గరైన ఒక ఉదాహరణతో పరీక్షించవచ్చు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో ఇదే ఊళ్ళో మొదట ప్రదర్శించారు. అందులోని బుచ్చమ్మను, మధురవాణిని ఒకే కాగితం మీద పక్కపక్కన, పెన్సిల్‌తో మాత్రమే గీయమంటే ఏం చేయాలి? ఒకరు చిన్నవయసు వితంతువు, ఒకరు వేశ్య. నగలు తీసేస్తే బుచ్చమ్మ, నగలు పెడితే మధురవాణి అన్నది సులువైన దారి. అప్పుడు చూసేవారు నగలు లేని ముఖంలో దుఃఖాన్ని, నగలున్న ముఖంలో ఉల్లాసాన్ని చదువుకుంటారు. నాటకం చదివినవారికి అది చాలదని తెలుసు. బుచ్చమ్మలో అమాయకత్వం ఉంది, మాట నమ్మే మనసు ఉంది. మధురవాణిలో ఎదుటివాడిని ఇట్టే చదివేసే తెలివి ఉంది, తన బతుకు గురించిన ఎరుక ఉంది. బుచ్చమ్మ కళ్ళు విప్పారి ఎదుటివారిని సూటిగా చూడాలి, మధురవాణి పెదవి ఒక కొసన మాత్రమే కదలాలి, చూపు కాస్త ఓరగా ఆగాలి. నగలు వారి సామాజిక స్థితిని చెబుతాయి. మనసును చెప్పే బాధ్యత కంటికీ పెదవికీ వదిలేయాలి.

ప్రతీకల్లో ఎక్కువ అపార్థానికి గురయ్యేది విరబోసిన జుట్టు. పాశ్చాత్య చిత్రాల గురించి రాసేవారు దాన్ని స్వేచ్ఛకో, శృంగారానికో గుర్తుగా చెబుతారు. ఆ అర్థాన్ని ఉత్తరాంధ్ర బొమ్మ మీద తెచ్చి పెట్టలేము. ఇక్కడ విరిసిన జుట్టు తలంటుకుని ఎండలో ఆరబెట్టుకునే జుట్టు కావచ్చు. చావు ఇంట్లో ముడి వేసుకోని జుట్టు కావచ్చు. పగ తీరేదాకా ముడవనన్న ద్రౌపది శపథాన్ని తలపించవచ్చు. అమ్మవారి పండుగలో పూనకం వచ్చిన మహిళది కావచ్చు. పైడితల్లి జాతరను చూస్తూ పెరిగిన విజయనగరం మనిషికి ఈ చివరిది మొదట తడుతుంది, మరో ఊరివారికి అసలు తట్టదు. అప్పుడు మెడను చూడాలి. తలంటుకున్న మనిషి మెడ ఒక పక్కకు తేలికగా వంగుతుంది, శోకంలో ముందుకు వాలిపోతుంది, పూనకంలో వెనక్కి విరుచుకుంటుంది. జుట్టు ఒక్కటే ఏమీ తేల్చదు. మెడ తేలుస్తుంది.

దీపం, చిలుక, కిటికీ, కుండ లాంటి వస్తువుల దగ్గర ఒక ప్రశ్న చాలు: ఆ వస్తువు మీద చిత్రకారులు శ్రమ పెట్టారా? ముఖం వైపు గీతలు నడిపించే చోట దాన్ని ఉంచారా, ముఖం మీద పడిన వెలుగు దాని నుంచే వస్తోందా? అవునంటే అది ప్రతీక. లేకపోతే ఆ ఇంట్లో ఉన్న సామాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరి తోటల ప్రాంతమైన ఉద్దానాన్ని కుదిపేసినప్పుడు పల్లెలకు పల్లెలు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. అప్పుడు గీసిన బొమ్మలో కిరోసిన్ దీపం ఉంటే అది ఆశకు గుర్తని రాయడం అన్యాయం. దీపం అవసరమై పెట్టుకున్నారు. అదే బొమ్మలో ఆమె భుజం వెనుక మొదలంటా విరిగిన కొబ్బరి చెట్టును ఒత్తి గీసి ఉంటే దానికి బరువు ఇవ్వాలి. ఉద్దానంలో కొబ్బరి తోట అంటే ఒక తరం పెట్టుబడి, మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది.

ముఖమే లేకుండా భావం పలకడం సాధ్యమని చూపే కళ ఈ జిల్లాలకు దగ్గరలోనే ఉంది. సీతంపేట మన్యంలోని సవర గిరిజనుల చిత్రాల్లో ఎర్రమట్టి నేల మీద తెల్లగా గీసిన స్త్రీలకు కళ్ళు, ముక్కు, నోరు ఉండవు. చేతులు కలిపి వరసగా నిలిచిన తీరు, నడుముల వంపు చూస్తేనే ఉత్సవం తెలిసిపోతుంది. విన్సెంట్ వాన్‌గో 1882లో సియెన్ హూర్నిక్ అనే స్త్రీని గీసిన 'దుఃఖం' అనే రేఖాచిత్రంలో కూడా ముఖం మోచేతుల నడుమ దాగి ఉంటుంది. వంగిన వీపే అంతా చెబుతుంది. అయితే ఆ బొమ్మ పేరే దుఃఖం. పేరు లేకుండా చూస్తే కొందరు అలసట అంటారేమో.

బొమ్మ పక్కన చేరే సమాచారానికి ఇంత శక్తి ఉంది. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో తన తల్లిని బొగ్గుతో గీశాడు. అరవై మూడేళ్ళ ముఖం, ఎండిన మెడ, వేర్వేరు వైపులకు చూస్తున్నట్టున్న కళ్ళు. ఆమె వయసు దాని మీదే రాశాడు. రెండు నెలలకు ఆమె చనిపోతే ఆ సంగతిని అదే కాగితం మీద సిరాతో చేర్చాడు. ఆ వాక్యం చదివిన తర్వాత ఆ ముఖంలో మృత్యువు కనిపించకుండా ఉండదు. గీసిన రోజున మాత్రం ఆమె కొడుకు ఎదుట కూర్చున్న తల్లి. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ సినిమాలో చేసిన ప్రయోగం కూడా ఇదే చెబుతుంది. ఏ భావమూ లేని ఒకే ముఖాన్ని సూప్ గిన్నె పక్కన చూపితే ఆకలిగా, శవపేటిక పక్కన చూపితే శోకంగా ప్రేక్షకులు చదువుకున్నారని ఆ ప్రయోగం గురించి చెబుతారు.

గీసినవారి మనసు గీయించుకున్న మనిషి ముఖం మీదికి ఎలా చేరుతుందో కాళిదాసు అందరికంటే స్పష్టంగా చూపాడు. అభిజ్ఞాన శాకుంతలం ఆరో అంకంలో దుష్యంతుడు తాను కాదన్న శకుంతలను జ్ఞాపకం నుంచి చిత్రిస్తాడు. బొమ్మ అంచుల్లో అతని చెమట వేళ్ళ మరకలు ఉన్నాయి. ఆమె చెక్కిలి మీద రంగు ఉబ్బిన చోట కన్నీటి బొట్టు పడిన గుర్తు ఉంది. ఎవరైనా తెలియక చూస్తే ఆమె ఏడుస్తోందనుకుంటారు. ఆ కన్నీరు అతనిది. తర్వాత అతను బొమ్మలో ఇంకా చేర్చవలసినవి చెబుతాడు: మాలినీ నది ఇసుకలో హంసల జంట, నారచీరలు వేలాడే చెట్టు కింద మగజింక కొమ్ముకు తన కన్ను రాసుకుంటున్న ఆడజింక. మనిషి శరీరంలో కన్ను కంటే సున్నితమైనది లేదు, జింకలకూ అంతే. కొమ్ము కంటే పదునైనది లేదు. ఆ రెంటినీ కలిపి చూపడంలో ఉన్న నమ్మకాన్ని, ఆ నమ్మకాన్ని తానే తెంచిన మనిషి గీయాలనుకోవడంలో ఉన్న బాధను ఒక్క మాట కూడా వివరించకుండా వదిలేశాడు కాళిదాసు. ప్రతీక అంటే ఇలా ఉండాలి. ఆ స్థలంలో సహజంగా కనిపించేదే, కథలో మరొకటి మోయాలి.

ఇదంతా పట్టించుకోవలసిన చోటు ఇప్పుడు ప్రదర్శనల్లో బొమ్మ కింద అంటించే చీటీ. 'నిరీక్షణ', 'విషాదం', 'పల్లె పడుచు' లాంటి పేర్లు పిల్లలకు బడి నుంచే అలవాటవుతున్నాయి. అవి చూసేవారి పనిని ముందే పూర్తి చేసేస్తాయి. పైగా ఆ బొమ్మలకు కూర్చున్నవారు చాలావరకు కూలి పనికో, బజారుకో వచ్చిన మహిళలు. తమ ముఖానికి 'విషాదం' అని పేరు పెట్టారని వారికి తెలియను కూడా తెలియదు. చిత్రలేఖనం ఉపాధ్యాయులు ఆ పేర్ల బదులు ఊరు, ఆమె చేస్తున్న పని, వాడిన సాధనం, పట్టిన సమయం, తేదీ రాయించడం మొదలుపెట్టాలి. ఆమె ఒప్పుకుంటే పేరు కూడా చేర్చాలి. ఐదు నిమిషాల బొమ్మ అని రాసి ఉంటే తెగిన గీతను ఎవరూ ఆందోళన అనరు. మధ్యాహ్నం పన్నెండు గంటలని ఉంటే కళ్ళ కింది నలుపు ఎండదని తెలుస్తుంది. పత్తి దువ్వుతున్న మహిళ అని ఉంటే వాలిన రెప్పల కింద చేతులు ఉన్నాయని, అవి పని చేస్తున్నాయని చూసేవారు తెలుసుకుంటారు.